బాబుకి స్పెషల్ ఎడ్ అడగాలని నేను, ఏడాది ఆగమని స్కూలు, వీసా జాగ్రత్త అని మావారు

చందు_అమ్మ
డాలస్ పక్కన ఉంటాం. మావారిది హెచ్1బీ, నాదీ బాబుదీ దాని మీద వచ్చిన హెచ్4. బాబుకి ఐదున్నర. ఇండియా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆగస్టులో కిండర్‌లో చేర్చాం. మాటలు బాగా తక్కువ. "నీళ్ళు కావాలి", "బయటికి పద", అంతవరకే. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి అసలు తిరిగి చూడడు. వంటింట్లో కింద కూర్చుని గిన్నెల మూతలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాని వరకూ వరసగా పేరుస్తాడు. మధ్యలో ఒకటి తీశామా, ఇక ఏడుపు ఆగదు. విజయవాడలో డాక్టరు ఆటిజం లక్షణాలు ఉండొచ్చు, పరీక్ష చేయించండి అని రాసిచ్చారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

టీచర్‌ని అడిగితే "ముందు ఇంగ్లిష్ రానివ్వండి, వచ్చే ఏడాది చూద్దాం" అంటోంది. మావారేమో స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూల్లో ఇచ్చే చదువు, సాయం) అంటే గవర్నమెంట్ డబ్బు, రేపు గ్రీన్ కార్డు దగ్గర పబ్లిక్ ఛార్జ్, అంటే సర్కారు మీద ఆధారపడేవాళ్ళు అంటారు, వద్దంటున్నారు. అత్తగారు మగపిల్లలకి మాటలు లేటే అంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇది దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గోదారోడు_డాలస్
ముందు వీసా భయం తీసేద్దాం. పబ్లిక్ స్కూలు చదువు పబ్లిక్ ఛార్జ్ లెక్కలోకి రాదు. స్పెషల్ ఎడ్యుకేషన్ కూడా చదువే. 1999 మార్గదర్శకాల్లో అది లేదు. అందరూ హడలిపోయిన 2019 నియమంలో మెడికెయిడ్‌ని (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కలిపారు, కానీ ఐడియా చట్టం (వైకల్యం ఉన్న పిల్లల చదువు హక్కుల కేంద్ర చట్టం) కింద స్కూల్లో ఇచ్చే సేవల్ని అందులోనూ మినహాయించారు. 2022 నియమం చూసేది చేతికి వచ్చే నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో ఏళ్ళ తరబడి సంస్థలో ఉంచడాన్ని. ఐఈపీని (స్పెషల్ ఎడ్ పిల్లాడికి స్కూలు రాసిచ్చే ప్లాన్) కాదు. ఇది మీవారికి చదివి వినిపించండి.

ఇక స్కూలు సంగతి. నోటిమాటగా అడిగితే ఇక్కడ గడువు లెక్క మొదలవదు. రాతపూర్వకంగా అడగండి. టెక్సాస్‌లో అలా అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి.

కృష్ణమోహన్77
తొందరపడకండి. మా ఫ్రెండ్ కొడుకు ఐదేళ్ళకి కూడా మాట్లాడలేదు, ఇప్పుడు స్కూల్లో డిబేట్ టీమ్. ఒకసారి ముద్ర పడితే పోదు. ఇన్సూరెన్స్‌తో ప్రైవేటుగా స్పీచ్ థెరపీ చేయించండి, స్కూలుకి చెప్పకండి.

ఎడిసన్_సుధ
కృష్ణమోహన్ గారూ, ఆ ఒక్క పిల్లాడి కథ ప్రతి పార్టీలోనూ వింటాను. ఆగి, రెండేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కథ ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు పార్టీలకి రావడం మానేస్తారు. ప్రైవేటు థెరపీ వారానికి గంట, రెండు గంటలు. స్కూల్లో పిల్లాడు రోజంతా ఉంటాడు. ఆ ఆరేడు గంటలూ ఏమీ అర్థంకాక కూర్చోమందామా?

ముద్ర అంటారా, స్కూలు రికార్డులు ఫెర్పా చట్టం కింద గోప్యం. ఐఈపీ ఉన్న సంగతి స్కూలు ఊరంతా చెప్పదు. కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షిస్తారు, అవసరం తీరితే తీసేస్తారు. అమ్మానాన్నలు వద్దనుకుంటే రాసిచ్చి ఎప్పుడైనా ఆపించుకోవచ్చు కూడా.

స్పీచ్_హైమ
స్పీచ్ థెరపిస్టుగా స్కూళ్ళలోనే పనిచేస్తున్నాను, అందుకే ఇది కాస్త పెద్దగా రాస్తున్నా.

"ఇంగ్లిష్ వచ్చాక చూద్దాం" అనడం తప్పు. ఇంగ్లిష్ రాకపోవడమే ప్రధాన కారణమైతే పిల్లాడికి వైకల్యం ఉందని తేల్చకూడదు, నిజమే, చట్టంలోనే ఉంది. దానికర్థం ఇంగ్లిష్ రాని పిల్లాణ్ణి పరీక్షించకూడదని కాదు. సమస్య తెలుగులో కూడా ఉంటే అది ఇంగ్లిష్ సమస్య కాదు. మీరు రాసినదాంట్లో అసలు విషయం అదే: తెలుగులోనే రెండేసి మాటలు, పిలిస్తే తిరక్కపోవడం. మెయిల్లో ఈ రెండూ తప్పకుండా రాయండి.

పరీక్ష కూడా పిల్లాడికి వచ్చిన భాషలో, వాడి అసలు శక్తి తెలిసే పద్ధతిలో చెయ్యాలి. వీలే కాని పరిస్థితి ఉంటే తప్ప తప్పించుకోవడానికి లేదు. ఈ హక్కు ఊరికే రాలేదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా అనే పాప పేరు మీద కేసు వేశారు. స్పానిష్ మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్‌లో ఐక్యూ పరీక్ష పెట్టి, మందబుద్ధి క్లాసుల్లో పడేశారు. వాళ్ళ భాషలో మళ్ళీ పరీక్షిస్తే చాలామంది ఆ క్లాసులో ఉండాల్సినవాళ్ళే కాదని తేలింది. ఆ పిల్లల పుణ్యమే ఇవాళ మన పిల్లలకి తెలుగులో పరీక్ష అడిగే వీలు.

తెలుగులో అచ్చైన ప్రామాణిక పరీక్షలు స్కూళ్ళ దగ్గర ఉండవు. అందుకని దుబాసీని పెట్టుకుని, ఆటలో గమనించి, మీతో మాట్లాడి, ఇండియా కాగితాలు చూసి తేల్చాలి. మొన్నామధ్య ఒక పాపకి అలాగే చేశాం. అరగంట నావైపు చూడలేదు. నేను తెలుగులో "ఎర్ర కారు ఏదమ్మా?" అనగానే లేచి వెళ్ళి అలమరలోంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అంతకుముందు ఆ పాప ఫైల్లో "సూచనలు అర్థం చేసుకోదు" అని ఉంది.

చందు_అమ్మ
హైమ గారూ, చదువుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇంకో డౌట్. బాబుతో ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు అంది టీచర్. రెండు నెలల నుంచి అలాగే మాట్లాడుతున్నాం. మా అమ్మ వీడియో కాల్ చేస్తే వాడితో ఏం మాట్లాడాలో తెలియక పెట్టేస్తోంది.

స్పీచ్_హైమ
ఇవాళే ఆపెయ్యండి, తెలుగులోకి వచ్చెయ్యండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి నష్టం లేదని పరిశోధనలు చెప్తూనే ఉన్నాయి. అమ్మ తనకి హాయిగా వచ్చే భాషలో మాట్లాడితేనే పిల్లాడికి ఎక్కువ మాటలు, ఎక్కువ పాటలు, ఎక్కువ ముచ్చట్లు దొరుకుతాయి. మీరు ఇంగ్లిష్‌లో వెతుక్కుని మాట్లాడే నాలుగు మాటలు వాడికి చాలవు.

బాపట్ల_అమ్మమ్మ
నేను న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆరునెలలు ఉండి వచ్చాను. మనవడికి ఇదే. అక్కడివాళ్ళు తెలుగు వద్దన్నారని ఇంట్లో నన్నూ మాట్లాడనివ్వలేదు. చంటిపిల్లాడి దగ్గర మూగదానిలా కూర్చున్నానమ్మా. తర్వాత వేరే డాక్టరమ్మ చెప్తే మానేశారు. ఇప్పుడు వాడు ఫోనులో "అమ్మమ్మా, అన్నం తిన్నావా" అంటాడు. మీ అత్తగారికి నేను చెప్పానని చెప్పు, మగపిల్లలకి మాటలు లేటైతే అవ్వచ్చు, పిలిస్తే తిరక్కపోవడం వేరు.

ఓరుగల్లు_పిల్లోడు
అమ్మమ్మ గారి పోస్టుకి వంద దండాలు. ఈ మాట మా ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ చెప్పి ఉంటే మాకు సగం గొడవలు తప్పేవి.

కృష్ణమోహన్77
సరే, పరీక్ష చేయిస్తే నష్టం లేదని ఒప్పుకుంటా. కానీ టెక్సాస్ సంగతి నాకు తెలుసు. ఇక్కడ స్కూళ్ళు ఇవ్వకుండా ఉండటానికే చూస్తాయి. ఆశపెట్టి లాభం లేదని నా ఉద్దేశం.

గోదారోడు_డాలస్
అందులో నిజం ఉంది. 2004 నుంచి టెక్సాస్ విద్యాశాఖ ఒక లెక్క పెట్టుకుంది. ఒక స్కూలు డిస్ట్రిక్టులో 8.5 శాతం పిల్లలకి మించి స్పెషల్ ఎడ్ ఇస్తే ఆ డిస్ట్రిక్టుకి మార్కులు తగ్గేవి. దేశం మొత్తం మీద 13 శాతం దరిదాపుల్లో ఉంటే ఇక్కడ ఎనిమిదిన్నర! 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2017లో శాసనసభ ఆ పరిమితిని రద్దు చేసింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఆ పన్నెండేళ్ళలో "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనే మాట విని ఇంటికొచ్చిన తల్లిదండ్రులు ఎంతమందో. అందులో ఇంగ్లిష్ ఇంకా రాని పిల్లల తల్లిదండ్రులు మరీ ఎక్కువ నష్టపోయారు. పరిమితి పోయింది, ఆ అలవాటు అన్నిచోట్లా పోలేదు. అందుకే రాతలో అడగమంటున్నా. ఆశ వదులుకోమని కాదు, కాగితం చేతిలో పెట్టుకోమని.

చందు_అమ్మ
మెయిల్ ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి? నా ఇంగ్లిష్ అంతంతమాత్రం.

గోదారోడు_డాలస్
టీచర్‌కి ఒక్కదానికే కాదు. ప్రిన్సిపాల్‌కి, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి కలిపి పెట్టండి. డైరెక్టర్ అడ్రస్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ఉంటుంది. పేరు, పుట్టినరోజు, క్లాసు. "మా బాబుకి ఐడియా చట్టం కింద పూర్తి ఇవాల్యుయేషన్ కోరుతున్నాను" అనే వాక్యం సూటిగా ఉండాలి. తర్వాత ఇంట్లో మీరు గమనిస్తున్నవి ఐదారు లైన్లు. మూతల సంగతి, పిలిస్తే తిరక్కపోవడం, తెలుగులో కూడా మాటలు తక్కువని. విజయవాడ డాక్టరు రాసిన కాగితం జతచెయ్యండి, తల్లిదండ్రులు ఇచ్చిన రిపోర్టుల్ని వాళ్ళు పరిశీలించాల్సిందే. పరీక్ష తెలుగులో, మీటింగుల్లో దుబాసీ కావాలని చివర్లో రాయండి. తారీఖు వెయ్యండి.

వాళ్ళు ఒప్పుకుంటే మీ సంతకం అడుగుతారు. సంతకం పెట్టినప్పటి నుంచి టెక్సాస్‌లో 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు వచ్చాక 30 రోజుల్లో ఆర్డ్ మీటింగ్. మిగతా రాష్ట్రాలు ఐఈపీ మీటింగ్ అనేదాన్నే ఇక్కడ ఆర్డ్ అంటారు. కాదంటే ఎందుకు కాదంటున్నారో కారణాలతో రాసివ్వాలి. ఊరికే తల అడ్డంగా ఊపితే చెల్లదు.

ఎడిసన్_సుధ
టైమ్‌లైన్ రాష్ట్రానికో రకం, మిగతా వాళ్ళు కంగారుపడకండి. కేంద్ర చట్టం ప్రకారం సంతకం నుంచి 60 రోజులు, రాష్ట్రానికి సొంత గడువు ఉంటే అదే. మా న్యూజెర్సీలో ఉత్తరం ఇచ్చిన 20 రోజుల్లో మీటింగ్ పెట్టాలి, సంతకం తర్వాత 90 రోజుల్లో అంతా పూర్తయి ఐఈపీ మొదలవ్వాలి. ఇక్కడ చైల్డ్ స్టడీ టీమ్ అంటారు.

బేఏరియా_కిరణ్
కాలిఫోర్నియాలో ఉత్తరం అందిన 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్ ఇవ్వాలి. ఐఈపీ మీటింగుని రికార్డు చెయ్యాలంటే 24 గంటల ముందు చెప్తే చాలు. మా ఆవిడ ఈ పొడి అక్షరాలన్నీ రాసి ఫ్రిజ్‌కి అతికించింది. పెరుగు తీయబోయిన ప్రతిసారీ "లీస్ట్ రెస్ట్రిక్టివ్ ఎన్విరాన్‌మెంట్" (వీలైనంతవరకూ మామూలు క్లాసులోనే ఉంచాలని) చదువుకుంటున్నా, ఐఏఎస్ పరీక్ష రాసినా పాసైపోతానేమో.

ఇంకోటి, మా దగ్గర రీజనల్ సెంటర్లు ఉన్నాయి. 1969 లాంటర్‌మన్ చట్టం కింద వచ్చినవి. పిల్లాడు కాలిఫోర్నియాలో ఉంటే చాలు, వీసా అడగరు. మూడేళ్ళలోపు పిల్లలకి ఏ రాష్ట్రంలోనైనా ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా మనమే ఫోన్ చెయ్యొచ్చు, పరీక్ష ఉచితం. చిన్నపిల్లలున్నవాళ్ళు మూడో పుట్టినరోజు దాకా ఆగకండి.

ఓరుగల్లు_పిల్లోడు
దుబాసీ గురించి ఒక మాట. నేను ఐటీలో ఉన్న, ఇంగ్లిష్ మంచిగనే వస్తది, కాబట్టి దుబాసీ అక్కర్లేదనుకున్నం. మా ఆవిడ మాత్రం ఒక మీటింగ్ మొత్తం తలూపుతూ కూర్చుంది. పాపతో పొద్దంతా ఉండేది తను. పాప ఎప్పుడు ఏడుస్తది, ఎందుకు ఏడుస్తది, ఏం పెడితే తింటది, అన్నీ తనకే తెలుసు. తరువాతి మీటింగ్‌కి తెలుగు దుబాసీ కావాలని మెయిల్ పెట్టినం. ఫోన్ల పెట్టిన్రు. ఆ రోజు మా ఆవిడ గంట మాట్లాడింది, టీమ్ లీడర్ పెన్ను కింద పెట్టలేదు. ప్లాన్ సగం మారిపోయింది.

కృష్ణమోహన్77
ఇంగ్లిష్ వచ్చి కూడా దుబాసీ అడిగితే వాళ్ళకి మనం చదువురానివాళ్ళం అనిపించదూ? పైగా ఫోన్లో ఉండేవాళ్ళు సగం సగం చెప్తారు.

ఎడిసన్_సుధ
వాళ్ళకేమనిపిస్తే మనకెందుకండీ. మీటింగులో జరిగేది తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చూడటం స్కూలు బాధ్యత, దుబాసీని పెట్టడం అందులో భాగమని నిబంధనల్లోనే ఉంది. అది దయ కాదు. ఫోన్లో సరిగ్గా వినపడకపోతే అక్కడే ఆపి, ఎదురుగా ఉండే మనిషినో వీడియోనో అడగొచ్చు. పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టి తమ్ముడి గురించి తర్జుమా చేయించడం మాత్రం వద్దు. ఆ పిల్ల మీద ఎంత బరువో ఆలోచించండి.

గోదారోడు_డాలస్
సుధ గారి మాటే నాదీ. టెక్సాస్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రుల భాష స్పానిష్ అయితే ఐఈపీని స్పానిష్‌లో రాసో రికార్డు చేసో ఇచ్చి తీరాలి. వేరే భాషైతే ఆ భాషలో ఇవ్వడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించాలి. తెలుగులో ఆడియో అడిగిన తెలుగువాళ్ళని నేను చూడలేదు. అడగండి. అడిగేవాళ్ళు పెరిగితేనే డిస్ట్రిక్టులు తెలుగువాళ్ళని పెట్టుకుంటాయి.

పెద్దోడి_నాన్న
చిన్నపిల్లల సంగతి అందరూ చెప్తున్నారు, నేను పెద్దోడి సంగతి చెప్తా. మావాడికి 17. ఆటిజం, మాటలు లేవు, ట్యాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి చెప్తాడు. స్కూలు మాకు దేవుడిచ్చింది. ప్రతి వేసవిలో ఈఎస్‌వై (సెలవుల్లో కూడా స్పెషల్ ఎడ్ సేవలు) ఇచ్చారు, బస్సు ఎక్కడం, సరుకులు కొనడం నేర్పుతున్నారు. చాలా రాష్ట్రాల్లో 21 దాటి 22 దగ్గరపడేదాకా స్కూల్లో ఉండొచ్చు, మిషిగన్‌లో అయితే 26 వరకూ. కానీ హెచ్4 పిల్లలకి 21 నిండితే ఆఖరు. వైకల్యం ఉందని పొడిగించరు. మా గ్రీన్ కార్డు ఇండియా క్యూలో ఉంది, ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. మిగతా పిల్లలు ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారి కాలేజీకి వెళ్తారు. మావాడు ఏ కాలేజీకి వెళ్ళాలి?

చందు అమ్మగారూ, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీకు పదిహేనేళ్ళ టైముంది. లాయరుతో ప్రయారిటీ డేటు (గ్రీన్ కార్డు క్యూలో మీ చోటు చెప్పే తేదీ), పిల్లాడి వయసు లెక్క ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మాకు ఎవరూ చెప్పలేదు.

బాపట్ల_అమ్మమ్మ
నాయనా, నీ పోస్టు చదివి పూజ గదిలోకి వెళ్ళి వచ్చాను. మీ వాడు బాగుండాలి.

ఎడిసన్_సుధ
పెద్దోడి నాన్న గారూ, ఈ విషయం మీద వేరే చర్చ మొదలుపెట్టండి దయచేసి. పిల్లల ఏజింగ్ అవుట్ (21 నిండి హెచ్4 పోవడం) గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ కాలేజీ పిల్లల్నే చూపిస్తారు. మీ వాడిలాంటి వాళ్ళు ఆ లెక్కలో కూడా కనిపించట్లేదు, అది అన్యాయం.

తిరిగొచ్చిన_వాణి
ఆటిజం ఉన్న మా అబ్బాయిని తీసుకుని అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చేశాం, కాబట్టి రెండు వైపులా చూశాను. ఇక్కడ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 21 రకాల వైకల్యాలు గుర్తించారు, ఆటిజం అందులో ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకూ ఉచిత చదువు హక్కు. సికింద్రాబాద్ బోయినపల్లిలో నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పరీక్షలు బాగా చేస్తారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. కానీ మామూలు ప్రైవేటు స్కూలు గేటు దగ్గర నిలబడి "మా అబ్బాయికి ఆటిజం" అంటే సీట్లు అయిపోయాయంటారు. నెలనెలా జీతంలో పెద్దభాగం థెరపీలకి పోతోంది. అమ్మావాళ్ళు దగ్గరున్నారన్న ధైర్యం మాత్రం అమెరికాలో దొరకలేదు.

తిరిగి రావాలా వద్దా అనేది ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవాలి. అక్కడ ఉన్నన్నాళ్ళూ మాత్రం హక్కుగా వచ్చేదాన్ని వదులుకోకండి. వచ్చేటప్పుడు ఐఈపీలు, రిపోర్టులు అన్నీ తెచ్చుకోండి, ఇక్కడి థెరపిస్టులకి బాగా పనికొచ్చాయి.

టొరంటో_శ్రీను
కెనడా వైపు చూసేవాళ్ళకి. ఇక్కడ పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) మెడికల్ పరీక్షలో "ఎక్సెసివ్ డిమాండ్" అని, అంటే సర్కారుకి మరీ ఎక్కువ ఖర్చవుతుందని చూసేది ఒకటుంది. ఇంతకుముందు పిల్లల స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చుని కూడా అందులో కలిపి కుటుంబం మొత్తాన్ని తిప్పి పంపేవారు. 2018లో స్పెషల్ ఎడ్యుకేషన్‌ని ఆ లెక్కలోంచి తీసేశారు, ఖర్చు పరిమితిని మూడింతలు చేశారు. పాత భయంతో ఇప్పటికీ కొందరు పిల్లల డయాగ్నసిస్ దాస్తున్నారు. దాచొద్దు, ఫారంలో అబద్ధం రాస్తే అది అసలైన సమస్య.

లండన్_రమ్య
ఇంగ్లండ్‌లో కూడా ఇదే గందరగోళం. మన వీసాల మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటుంది కదా, అది చూసి ఈహెచ్‌సీపీకి (అక్కడి ఐఈపీ లాంటి ప్లాన్) అప్లై చెయ్యరు. స్కూలు చదువు, ఈహెచ్‌సీపీ పబ్లిక్ ఫండ్స్ కావు, నిర్భయంగా అడగొచ్చు. డీఎల్‌ఏ (వైకల్యం ఉన్న పిల్లలకి ఇచ్చే నగదు భత్యం) మాత్రం పబ్లిక్ ఫండ్స్, ఆ షరతు ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు. ఈ రెండిటికీ తేడా తెలియక ఒకరు రెండూ వదిలేస్తారు, ఇంకొకరు రెండూ తీసుకుని చిక్కుల్లో పడతారు. ఈహెచ్‌సీపీ అడిగిన 20 వారాల్లో తుది ప్లాన్ రావాలి. ఇంట్లో వేరే భాష మాట్లాడినంత మాత్రాన అభ్యసన సమస్య ఉన్నట్టు కాదని 2014 చట్టంలోనూ రాశారు.

ఓరుగల్లు_పిల్లోడు
స్టేటస్ పోయినవాళ్ళ సంగతేంది? మాకు తెలిసిన ఒకాయన లేఆఫ్ అయిండు, కొత్త ఉద్యోగం చూసుకునేందుకు ఇచ్చే 60 రోజులు దాటినయి. పాపని స్కూలు మాన్పిద్దామా అంటున్నడు భయంతో.

గోదారోడు_డాలస్
మాన్పించొద్దని గట్టిగా చెప్పండి. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఉంది. అది మొదలైంది మన డాలస్‌కి గంటన్నర దూరంలో ఉన్న టైలర్ ఊళ్ళో. కాగితాలు లేని పిల్లల దగ్గర ఏడాదికి వెయ్యి డాలర్ల ఫీజు అడిగింది అక్కడి డిస్ట్రిక్ట్. కోర్టు ఐదుగురు నలుగురుగా చీలినా, పిల్లల చదువు ఆపడానికి వీల్లేదనే తేల్చింది. ఐడియా చట్టంలోనూ ఇమిగ్రేషన్ స్టేటస్ అనే షరతు లేదు. చేర్చుకునేటప్పుడు స్కూలు అడగాల్సింది చిరునామా రుజువు, పిల్లల వయసు, టీకాల వివరాలు. వీసా కాగితం కాదు. ఆయన స్టేటస్ సంగతి లాయరు చూడాలి, పాప చదువు దానికోసం ఆగక్కర్లేదు.

నిర్వాహకుడు
చర్చ బాగుంది, కొనసాగించండి. డిస్ట్రిక్టుల పేర్లు, స్కూళ్ళ పేర్లు, పిల్లల ఫోటోలు, రిపోర్టులు పెట్టొద్దు. ఒక రిపోర్టు తొలగించాను, అందులో పాప పూర్తి పేరు ఉంది.

కృష్ణమోహన్77
ఇంకో ప్రశ్న నిజంగానే అడుగుతున్నా. వీళ్ళు వేరే గదిలో వేసేస్తే? ఆ గదిలో అందరూ మాట్లాడని పిల్లలే అయితే మనవాడు ఎవర్ని చూసి నేర్చుకుంటాడు?

స్పీచ్_హైమ
మంచి ప్రశ్న. వీలైనంతవరకూ మామూలు క్లాసులోనే, సాయం ఇచ్చి చదివించాలన్నది చట్టం. అలా కుదరదని చూపించాకే వేరే గది. కాబట్టి మీటింగులో "మామూలు క్లాసులో ఏ సాయం పెట్టి చూశారు?" అని అడగండి. కానీ నేను వేరే గదిని పూర్తిగా కొట్టిపారెయ్యను. గోలకి చెవులు మూసుకుని బల్ల కింద దూరే పిల్లాడికి ఆరుగురున్న ప్రశాంతమైన గది కొన్నాళ్ళు మేలు చేస్తుంది. సగం రోజు అక్కడ, సగం ఇక్కడ కూడా రాయించుకోవచ్చు.

బేఏరియా_కిరణ్
హైమ గారితో కాస్త విభేదిస్తా. "కొన్నాళ్ళు" అని వేసిన గదిలోంచి మావాణ్ణి బయటికి తేవడానికి మేం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. వెళ్ళేముందే తిరిగి ఎప్పుడు, ఏం సాధిస్తే వస్తాడో ఐఈపీలో రాయించండి. లక్ష్యాలు కూడా కొలవగలిగేలా ఉండాలి. "మాటలు మెరుగుపడతాయి" అంటే కుదరదు. ఎన్ని మాటలు, ఎప్పటికి, ఎవరు లెక్కపెడతారు? 2017లో ఎండ్రూ ఎఫ్ కేసులో, అది కూడా ఆటిజం ఉన్న అబ్బాయిదే, కొలరాడో, ఏదో నామమాత్రం ప్రగతి చాలదని సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఏటా అవే లక్ష్యాలు కాపీ కొట్టి తెస్తే ఆ తీర్పు పేరెత్తండి.

స్పీచ్_హైమ
కిరణ్ గారూ, తిరిగొచ్చే షరతు ముందే రాయించాలన్న మాట నిజం. అది నేను చెప్పి ఉండాల్సిన మాటే, పేరెంట్స్ అందరూ రాసిపెట్టుకోండి.

చందు_అమ్మ
మెయిల్ పెట్టాను. మావారు గోదారోడు గారి పోస్టు రెండుసార్లు చదివి, ఆఖరికి ఇంగ్లిష్ తనే దిద్దిపెట్టారు. డిస్ట్రిక్ట్ నుంచి ఫోన్ వచ్చింది. ముందు ఎంటీఎస్‌ఎస్ అని క్లాసులోనే కొన్ని వారాలు సాయం చేసి చూస్తాం, తర్వాత ఇవాల్యుయేషన్ అంటున్నారు. సరేననాలా?

ఎడిసన్_సుధ
ఆ సాయం ఇవ్వనివ్వండి, మంచిదే. ఇవాల్యుయేషన్‌ని మాత్రం దానికోసం ఆపొద్దు. అలా సాకుగా వాడకూడదని 2011లోనే కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. ఫోన్లో చెప్పిందాన్ని మెయిల్లో తిరిగి రాయండి: "ఇవాళ ఫోన్లో ఇలా అన్నారు. క్లాసులో సాయానికి అభ్యంతరం లేదు, దానితోపాటు ఇవాల్యుయేషన్ కూడా మొదలుపెట్టండి. కాదంటే కారణాలతో రాసివ్వండి." కారణాలు రాయమంటే చాలాసార్లు దారికొస్తారు.

అప్పటికీ కాదంటే రాష్ట్ర విద్యాశాఖకి ఫిర్యాదు చెయ్యొచ్చు. లాయరు అక్కర్లేదు, ఖర్చు లేదు, 60 రోజుల్లో తేల్చాలి. జరిగి ఏడాది దాటితే తీసుకోరు. కేంద్ర పౌరహక్కుల ఆఫీసుకి కూడా రాయొచ్చు, కానీ 2025లో ఆ ఆఫీసులు పన్నెండింటిలో ఏడు మూసేశారు, కాబట్టి ముందు రాష్ట్రానికే వెళ్ళండి. ప్రతి రాష్ట్రంలోనూ తల్లిదండ్రులకి సాయంచేసే పేరెంట్ సెంటర్ ఒకటైనా ఉంటుంది, కేంద్ర నిధులతో నడుస్తుంది, ఉచితం.

గోదారోడు_డాలస్
ఆర్డ్ మీటింగ్ రోజుకి రెండు మాటలు. అర్థంకాకుండా సంతకం పెట్టకండి. "వచ్చాను" అని పెట్టే సంతకం వేరు, "ఒప్పుకుంటున్నాను" అనేది వేరు, ఏ గడిలో టిక్ పెడుతున్నారో చూసుకోండి. ఒప్పుకోకపోతే టెక్సాస్‌లో పది స్కూలు రోజుల్లోపు మళ్ళీ కూర్చుందామని అడగొచ్చు. పరీక్ష ఫలితమే తప్పనిపిస్తే బయటివాళ్ళతో ఇంకో పరీక్ష స్కూలు ఖర్చుతో అడగొచ్చు. దానికి స్కూలు డబ్బు కట్టాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని నిరూపించుకోవడానికి హియరింగ్‌కి వెళ్ళాలి.

చందు_అమ్మ
సుధ గారు చెప్పినట్టే రాశాను. నాలుగు రోజులకి సంతకం కాగితాలు వచ్చాయి. తెలుగు దుబాసీని పెడతామని రాశారు. అమ్మతో ఫోన్లో మళ్ళీ తెలుగు మొదలైంది. ఇంకో కంగారు: మావారి ప్రాజెక్టు మార్చిలో అయిపోతుంది, నార్త్ కరోలినా వెళ్ళాల్సి రావచ్చు. ఇక్కడ చేసిందంతా పోతుందా?

ఓరుగల్లు_పిల్లోడు
పోదు. మేం ప్రాజెక్టుల వెంట రెండు రాష్ట్రాలు మారినం. ఐఈపీ చేతిలో ఉంటే కొత్త రాష్ట్రం వాళ్ళు తమ పరీక్ష చేసి కొత్తది రాసేదాకా దానితో సమానమైన సేవలు ఇవ్వాలి. అందుకే మార్చిలోపు ఇక్కడ ఐఈపీ పూర్తయ్యేలా చూసుకోండి. ఇవాల్యుయేషన్ సగంలో ఉండగా వెళ్ళాల్సొస్తే రెండు డిస్ట్రిక్టులకీ మెయిల్ పెట్టండి, త్వరగా పూర్తిచేయడానికి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి. రిపోర్టు, ఐఈపీ, ప్రోగ్రెస్ షీట్లు, మీరు పంపిన మెయిళ్ళు అన్నీ ఒక ఫైల్ల పెట్టి మీ చేతి బ్యాగుల వేసుకోండి, మూవర్స్ లారీల వెయ్యకండి. మాది లారీల పోయి నెల తర్వాత వచ్చింది.

చందు_అమ్మ
ఫైలు ఇవాళే కొంటా. దుబాసీని ముందురోజే కలిసి మాట్లాడొచ్చా, లేక మీటింగులోనే చూడాలా?

స్పీచ్_హైమ
ముందు అడగండి, చాలాచోట్ల పది నిమిషాలైనా ఇస్తారు. బాబు మాట్లాడే తీరు, ఇంట్లో వాడే ముద్దుమాటలు వాళ్ళకి ముందే చెప్పండి, పరీక్షలో అవి వాడితే బాబు త్వరగా దగ్గరవుతాడు. మూతలు కూడా రెండు మూడు తీసుకెళ్ళండి.